పాత జీ41 బోర్డుకు సరిపడే ర్యామ్ గురించి అమ్మాయికి ఒక లేఖ

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరమూ దానితో పంపిన ఫొటోలూ అందాయి. మీ ఎరువుల కొట్టులోని కంప్యూటర్‌లో ఉన్న రెండు 2 జీబీ ర్యాములలో ఒకటి పాడైందనీ, దాని స్థానంలో కొత్తగా తెప్పించిన 4 జీబీ డీడీఆర్3 తరం ర్యామ్ పెడితే తెర వెలగకుండా బీప్ శబ్దం మాత్రమే వస్తోందనీ, ఇది కూడా పాడైనదే వచ్చిందని అక్కడ అందరూ అంటున్నారనీ రాశావు. ఫొటోలు చూశాక నాకు తోచినది వేరు. ఆ ర్యామ్ బహుశా బాగానే ఉంది, మీ కంప్యూటర్ మదర్‌బోర్డుకు మాత్రం అది సరిపడదు. ఈ సంగతి తెలియకపోతే ఒకటి తిప్పి పంపి, అలాంటిదే ఇంకొకటి తెప్పించి, దానినీ తిప్పి పంపవలసి వస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఆ కంప్యూటర్‌ను తీసేసి కొత్తది కొనమని మీ నాన్నకు నేను చెప్పబోవడం లేదు. టాలీలో లెక్కలు చూసుకోవడానికీ, వెనకవైపు ప్యారలల్ పోర్టుకు తగిలించిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద కార్బన్ బిల్లులు తీయడానికీ ఆ యంత్రం ఇప్పటికీ చాలు. ఆ పోర్టు ఇప్పటి బోర్డులలో చాలావాటికి ఉండదు కూడా. బాగుచేసుకోగలిగినదాన్ని బాగుచేసుకోవడమే మంచిది.

ఇక అసలు విషయం. మీ బోర్డు మీద ఉన్నది ఇంటెల్ వారి జీ41 చిప్‌సెట్ (బోర్డులోని భాగాలను కలిపి నడిపే చిప్పుల జత), 2008లో వచ్చినది. ఈ తరం యంత్రాలలో ర్యామ్‌ను నడిపించే కంట్రోలర్ ప్రాసెసర్‌లో కాక, బోర్డు మీద హీట్ సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మ) కింద ఉన్న నార్త్ బ్రిడ్జి అనే చిప్పులో ఉంటుంది. ఆ కంట్రోలర్ ర్యామ్ స్టిక్, అంటే ర్యామ్ పట్టీ, మీది ఒక్కొక్క నల్ల చిప్పులో గరిష్ఠంగా 2 గిగాబిట్లు, అంటే 256 ఎంబీ వరకే గుర్తించగలదు. 4 జీబీ స్టిక్‌ను రెండు రకాలుగా తయారుచేస్తారు. మొదటి రకంలో ఒక్కొక్కటి 256 ఎంబీ చొప్పున పదహారు చిప్పులు, పక్కకు ఎనిమిదేసి, రెండు పక్కలా ఉంటాయి. రెండో రకంలో ఒక్కొక్కటి 512 ఎంబీ చొప్పున ఎనిమిది చిప్పులే, అవీ ఒకే పక్కన ఉంటాయి. నువ్వు పంపిన ఫొటోలో స్టిక్ వెనకవైపు ఖాళీగా ఉంది, లేబుల్ మీద 1ఆర్ఎక్స్8 అని, అంటే చిప్పులు ఒకే వరుస (ర్యాంక్) అని, అచ్చయి ఉంది. అది రెండో రకం. దాన్నే మీ తమ్ముడి హెచ్61 బోర్డులో పెట్టి చూడండి, చక్కగా నడుస్తుంది. 2011 నాటి ఆ యంత్రాలకు కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది, దానికి 4 గిగాబిట్ల చిప్పులు అలవాటే. జీ41 మీద మాత్రం అలాంటి స్టిక్ పెడితే యంత్రం అసలు లేవకపోవచ్చు, లేచినా మెమరీని సగమే చూపించవచ్చు.

కాబట్టి డీడీఆర్3 అన్న పేరు, 4 జీబీ అన్న అంకె, 1333 అన్న వేగం, ఈ మూడూ కలిసినంత మాత్రాన సరిపోయిందని అనుకోవద్దు. నిజానికి వేగం గురించి అంతగా బెంగపడనక్కర లేదు. జీ41 అధికారికంగా 1066 వరకే నడుపుతుంది, 1333 లేదా 1600 అని రాసి ఉన్న స్టిక్ కూడా సాధారణంగా ఆ వేగానికి దిగి పనిచేస్తుంది. లేబుల్ మీద పీసీ3–8500 అంటే 1066, పీసీ3–10600 అంటే 1333, పీసీ3–12800 అంటే 1600 అని గుర్తుపెట్టుకుంటే చాలు.

అసలు మీకు 4 జీబీ స్టిక్ అవసరమా అన్నది కూడా ఆలోచించాను. తెర ఫొటోలో విండోస్ 7, 32 బిట్ అని కనిపిస్తోంది. 32 బిట్ విండోస్ 7 మొత్తం 4 జీబీని మించి వాడుకోలేదు, అందులోనూ కొంత భాగం బోర్డులోని గ్రాఫిక్స్‌కూ ఇతర పరికరాలకూ పోగా మూడు, మూడున్నర జీబీ మాత్రమే మిగులుతుంది. మీ దగ్గర బాగున్న 2 జీబీ స్టిక్ ఒకటి ఎలాగూ ఉంది కనుక ఇంకొక 2 జీబీ స్టిక్ తెచ్చుకుంటే సరిపోతుంది. 2 జీబీలో ఎనిమిది చిప్పులున్నా పదహారున్నా జీ41కు సమ్మతమే, ఎందుకంటే ఏ లెక్కన చూసినా చిప్పుకు 256 ఎంబీ దాటదు. ఎప్పుడైనా 64 బిట్ విండోస్‌కు మారదలిస్తే అప్పుడు పదహారు చిప్పుల 4 జీబీ స్టిక్కులు రెండు వెతకవచ్చు. మీ మాన్యువల్‌లో గరిష్ఠం 8 జీబీ అని ఉందో లేదో అప్పుడు చూసుకో, కొన్ని బోర్డులకు అంతకన్నా తక్కువే రాస్తారు. ఇంకొక సంగతి కూడా మీ నాన్న చెవిన వేయి. విండోస్ 7కు 2020 జనవరితోనే మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి, కాబట్టి ఆ లెక్కల యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా ఉంచండి.

కొనే ముందు, పాడైందంటున్న పాత స్టిక్ నిజంగా పాడైందో లేదో తేల్చుకో. కరెంటు తీగ పూర్తిగా పీకి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కిపట్టి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకి, ఆ తరువాతే ర్యామ్ ముట్టుకో. దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడిని స్లాట్‌లో పడకుండా దూరంగా దులుపు. స్లాట్‌లో పేరుకున్న దుమ్మును మెత్తని బ్రష్‌తో తీయి. తరువాత ఒక్కొక్క స్టిక్‌ను ఒంటరిగా, ముందు ఒక స్లాట్‌లో, పిదప రెండో స్లాట్‌లో పెట్టి చూడు. బాగున్న స్టిక్ కూడా ఒక స్లాట్‌లో లేవకపోతే తప్పు ర్యామ్‌ది కాదు, కొత్తది కొన్నా ప్రయోజనం ఉండదు. ఎరువుల కొట్టులో తేమా మందుల ఆవిరీ ఎక్కువ కనుక అంచులు నల్లబడడం సహజం, రబ్బరుతోనే పని అయిపోయే అవకాశం తక్కువేమీ కాదు.

అప్పటికీ కొనవలసి వస్తే, సికింద్రాబాద్ వెళ్ళే పని పడినప్పుడు పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్ల దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడగమని నా సలహా. మీ పాత స్టిక్‌ను వెంట తీసుకుపో, జీ41 బోర్డుకు అని నోరు తెరిచి చెప్పు. వాడిన ర్యామ్ అయినా పరవాలేదు, ఈ వస్తువు సాధారణంగా ఏళ్ళ తరబడి మన్నుతుంది, కానీ మార్చి ఇస్తామన్న మాట బిల్లు మీద రాయించుకో. చిప్పుల మీద అల్యూమినియం రేకు తొడిగినది తీసుకోవద్దు, లోపల ఎన్ని చిప్పులున్నాయో నీకు కనపడదు. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది కనుక చూడగానే తెలిసిపోతుంది. సర్వర్ల నుంచి తీసిన ర్యామ్ మాత్రం పొడవులో డెస్క్‌టాప్ ర్యామ్‌లాగే ఉండి చవకగా దొరుకుతుంది, అక్కడే జాగ్రత్త అవసరం. పక్కకు తొమ్మిది చిప్పులుండి, మధ్యలో ఇంకొక వేరే చిప్పు ఉండి, లేబుల్ మీద పీసీ3–10600 పక్కన ఆర్ అన్న అక్షరం కనిపిస్తే అది మీ బోర్డులో నడవదు. మీకు కావలసినదానికి యు అన్న అక్షరం ఉంటుంది. డీడీఆర్3ఎల్ అని ఉన్నది సాధారణంగా 1.35 వోల్టులతో పాటు మీ బోర్డు ఇచ్చే 1.5 వోల్టుల మీద కూడా పనిచేస్తుంది కనుక, చిప్పుల లెక్క కుదిరితే తీసుకోవచ్చు. అంతకు ముందు తరమైన డీడీఆర్2కు కూడా డీడీఆర్3లాగే 240 కాళ్ళే ఉన్నా గాడి వేరే చోట ఉంటుంది. అది దిగదు, బలవంతంగా దించబోతే స్లాట్ విరుగుతుంది.

బిగించేటప్పుడు గాడి సరిచూసి, రెండు చివరలా సమానంగా నొక్కు. పక్కనున్న తెల్లని క్లిప్పులు వాటంతట అవే టక్కుమని మూసుకోవాలి. యంత్రం లేచాక సీపీయూ–జడ్ అనే ప్రోగ్రామ్‌లో ఎస్‌పీడీ అన్న పేజీ తెరిస్తే స్లాట్లవారీగా పరిమాణం, వేగం కనిపిస్తాయి. అది చూసి ఊరుకోక, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ప్రోగ్రామ్‌ను పెన్ డ్రైవ్ మీద వేసి, కొట్టు కట్టేశాక రాత్రంతా నడవనివ్వు. ఉదయానికి ఒక్క ఎర్ర గీత కనిపించినా ఆ స్టిక్‌ను వాపసు ఇచ్చేయి, లెక్కల యంత్రంలో ఒక్క తప్పును కూడా ఉపేక్షించకూడదు. డబ్బు కట్టే ముందు ఆ స్టిక్ రెండు పక్కల ఫొటోలూ, మీ బోర్డు మోడల్ నంబరూ నాకు పంపించు, చూసి వెంటనే జవాబిస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న