కొత్త టైర్లకి బేరం బ్రాండు దగ్గర తేలదు

కారు ముందు టైర్లు రెండూ అరిగిపోయాయి, తక్కువ ధరలో ఏ బ్రాండు మంచిది, రెండే మార్చాలా నాలుగూ మార్చాలా అని కదా అడిగారు. బ్రాండు సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. పేరున్న కంపెనీల్లో ఏది తీసుకున్నా మీ డబ్బులు బూడిదలో పోసిన పన్నీరేం కావు. పాత టైరు ఎందుకు అరిగిందో చూడకుండా కొత్తది ఎక్కించేస్తారు చూడండి, అక్కడ పోతాయి. తయారీ తేదీ అడక్కుండా బిల్లు కట్టేస్తారు, అక్కడ ఇంకొంచెం. ఫిట్టింగ్ జరుగుతుంటే ఫోను చూసుకుంటూ కూర్చుంటారు, మిగిలింది అక్కడ.

షాపుకి వెళ్లే ముందు స్టీరింగు ఒక పక్కకి పూర్తిగా తిప్పి, వంగి, ఫోను లైటు వేసి టైరు లోపలి అంచు చూడండి. బయటి నుంచి చూస్తే ఇంకా బోలెడు గాడి మిగిలే ఉంటుంది, లోపలి అంచు మాత్రం తీగలు బయటపడేలా తినేసి ఉంటుంది. అది అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణాల అమరిక, తప్పిన కారు. రెండు అంచులూ అరిగి మధ్యలో బాగుంటే చాలాకాలం గాలి తక్కువతో తిరిగింది. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువ కొట్టించారు. అరచేత్తో అడ్డంగా రుద్దండి, ఒక వైపు నున్నగా జారి రెండో వైపు రంపపు పళ్లలా గీరుకుంటే టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తేడా వచ్చినట్టు. అక్కడక్కడ గుంటలు పడి ఉంటే షాక్ అబ్జార్బర్లు పోయి ఉండొచ్చు, లేదా బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండటం) తప్పి ఉండొచ్చు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే కీళ్లు, అంటే వదులైన టై రాడ్ ఎండ్, బాల్ జాయింట్, అరిగిన బుష్షులు మార్చి, తర్వాత టైర్లు వేసి, చివర్న అలైన్‌మెంట్ చేయించాలి. వదులు పార్టుల మీద చేసిన అలైన్‌మెంట్ నిలవదు. దాని ఖర్చు దండగే కాదు, కొత్త టైరు లోపలి అంచు కూడా మళ్లీ అదే దారి పడుతుంది.

సైజు దగ్గర బేరాలొద్దు. డ్రైవర్ డోరు తెరిస్తే ఫ్రేముకి స్టిక్కరు ఉంటుంది, మాన్యువల్లోనూ ఉంటుంది. 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకోండి. వెడల్పు 185 మిల్లీమీటర్లు, గోడ (సైడ్‌వాల్) ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. ఈ చివరి రెండూ అంతకంటే ఎక్కువున్నా పరవాలేదు, తక్కువ మాత్రం వద్దు. స్టాకు లేనప్పుడు "కొంచెం వెడల్పుది వేద్దాం సార్, గ్రిప్ బాగుంటుంది" అంటారు. అదే 65తో 195 వేస్తే చక్రం మొత్తం ఎత్తు 621.5 నుంచి 634.5 మిల్లీమీటర్లకి పెరుగుతుంది, అంటే 2 శాతం పైనే. మీటరు 100 చూపించే చోట అదే లెక్కన వేగం 102 అవుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు చక్రం పైనుండే ప్లాస్టిక్ లైనర్‌కి రాసుకునే అవకాశం కూడా ఉంది. వెడల్పు పెంచాల్సిందే అనుకుంటే 60 గోడతో 195/60 ఆర్15 దగ్గరగా వస్తుంది, 615. అదీ రిమ్ము వెడల్పు సరిపోతేనే, లోడు అంకె తగ్గకపోతేనే.

ఇక ధర. మూడు నాలుగు షాపులకి ఫోను చేసి సైజు, లోడు, స్పీడు అక్షరం, మోడల్ పేరు పూర్తిగా చెప్పి, "పన్నుతో, ఫిట్టింగ్‌తో, బ్యాలెన్సింగ్ వెయిట్లతో, కొత్త వాల్వుతో కలిపి కారు బయటికి వచ్చేసరికి ఎంత?" అని అడగండి. ఒక్క టైరు ధర అడిగితే తక్కువ చెప్పి, మిగతావన్నీ విడివిడిగా కలిపేవాళ్లు గెలుస్తారు. పాత టైర్లు ఎవరు ఉంచుకుంటారో కూడా ముందే తేల్చుకోండి, కొన్నిచోట్ల అది కూడా బేరంలో భాగమే. ఆన్‌లైన్ ధర చూపించి అడగడంలో తప్పేమీ లేదు, కానీ దానికి డెలివరీ, విడిగా ఫిట్టింగ్ కలిపాకే పోల్చండి.

ఎవరూ పట్టించుకోని లెక్క ఒకటుంది, గాడి లోతు. ట్రెడ్ డెప్త్ గేజ్ చిన్న వస్తువు, చవక కూడా. కొత్త టైరు 8 మిల్లీమీటర్లుంటే, 1.6 దగ్గర మార్చేయాలి కాబట్టి, మీకు వాడుకోవడానికి దొరికేది 6.4. ఇంకో మోడల్ 7 తోనే వస్తే దొరికేది 5.4. పైకి ఒక మిల్లీమీటరే, కానీ మొదటిదాంట్లో వాడుకునే రబ్బరు దాదాపు 18 శాతం ఎక్కువ. సైడ్‌వాల్ మీద ట్రెడ్‌వేర్ (అరుగుదల) అంకె చూసి "400 కంటే 500 ఎక్కువ కాలం వస్తుంది" అంటారు గానీ, ఆ అంకె ఏ కంపెనీకా కంపెనీ ఇచ్చుకునేదే. ఒకే కంపెనీ మోడళ్ల మధ్య పోల్చడానికి పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య కాదు. నన్నడిగితే యూరప్ లేబుల్ ఉన్న టైరుకి తడి రోడ్డు గ్రిప్ అక్షరం చూడండి, ఏ నుంచి ఈ దాకా ఉంటుంది. మైలేజీ అక్షరం దగ్గర ఒక మెట్టు దిగినా దిగండి, తడి గ్రిప్ దగ్గర దిగొద్దు. మైలేజీ మైలేజీ అని ప్రాణం తీసి, బ్రేకు వేస్తే జారే టైరు అంటగట్టే అమ్మకాలు చాలా చూశాం.

తేదీ సంగతి. సైడ్‌వాల్ మీద డీఓటీ (DOT) అని మొదలయ్యే వరుస చివర్లో నాలుగంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. పూర్తి వరుస చాలాసార్లు టైరుకి ఒక పక్కే ఉంటుంది, రెండో పక్క తేదీ లేకుండా ఆగిపోవచ్చు. అందుకే రిమ్ముకి ఎక్కించక ముందే, టైరు నేల మీద ఉన్నప్పుడే రెండు పక్కలా తిప్పి చూడాలి. ఆరేడు నెలల పాతది మామూలే. రెండేళ్లు దాటితే ధర తగ్గించమని నిర్మొహమాటంగా అడగండి. ఏడాదికి తక్కువ కిలోమీటర్లు తిరిగే కారైతే తగ్గించినా వద్దు, మీ దగ్గర గాడి అరిగేలోపే రబ్బరు గట్టిపడుతుంది. నాలుగు టైర్ల తేదీలూ ఒకేలా ఉన్నాయేమో కూడా చూసుకోండి. "ఫ్రెష్ స్టాక్" అన్న మాట మీద, నల్లగా నిగనిగలాడే పాలిష్ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ఇప్పుడు మెషీను పక్కన నిలబడండి. పాత టైరు ఊడాక రిమ్ము అంచుకి తుప్పు, ఎండిన రబ్బరు అంటుకుని ఉంటాయి. బ్రష్షుతో గీకకపోతే గాలి నెమ్మదిగా దిగిపోతూ ఉంటుంది, మీరు పంక్చరు కోసం వెతుక్కుంటూ ఉంటారు. రబ్బరు వాల్వు పాతదే ఉంచేస్తుంటే ఆపండి. వాల్వు దగ్గర ప్రెషర్ సెన్సర్ ఉంటే మాత్రం ముందే చెప్పాలి, లేదంటే బీడ్‌ని, అంటే రిమ్ముకి పట్టుకునే టైరు అంచుని, ఊడదీసే మెషీను పార దానికే తగులుతుంది. టైరు మీద "అవుట్‌సైడ్" అని ఉంటే ఆ ముఖం బయటికి రావాలి, బాణం గుర్తుంటే చక్రం ముందుకు తిరిగే దిక్కుకి చూడాలి. పసుపు చుక్క ఉంటే అది తేలిక చోటు, దాన్ని వాల్వు పక్కకి తెస్తే తక్కువ వెయిట్లతో పనవుతుంది. గాలి కొడుతున్నప్పుడు టప్ టప్‌మని బీడ్ కూర్చుంటుంది. కూర్చున్నాక రిమ్ము అంచు పక్కనున్న సన్నని గీత చుట్టూ సమానంగా కనపడాలి, ఒకచోట లోపలికి మాయమైతే మళ్లీ గాలి తీసి సబ్బునీళ్లు రాసి కూర్చోబెట్టించాలి. ఇక్కడ వదిలేస్తే ఎన్ని వెయిట్లు కొట్టినా నడిపేటప్పుడు వచ్చే వణుకు పోదు. నట్లని ఎయిర్ గన్‌తో చివరి దాకా బిగించనివ్వకండి. మాన్యువల్లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) టార్క్ రెంచ్‌తో, ఎదురెదురు నట్లు వరుసగా బిగించాలి, 80-100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్లీ చూడాలి.

తర్వాత నైట్రోజన్ అంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉచితమైతే కొట్టించుకోండి, డబ్బిచ్చి వద్దు. గాలి ఎంత అనేది డోరు స్టిక్కరు చెబుతుంది, టైరు చల్లగా ఉన్నప్పుడు. సైడ్‌వాల్ మీద రాసిన పెద్ద అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, అది చూసి కొట్టేవాడి దగ్గర ఇంకే పనీ చేయించకండి. అలైన్‌మెంట్‌కి ముందు కొలతలు, తర్వాత కొలతలు ఉన్న షీట్ చేతికివ్వమనండి. షీట్ లేని అలైన్‌మెంట్‌కి డబ్బులివ్వకపోవడమే మంచిది.

రెండా నాలుగా అంటే: వెనక టైర్లు ఇంకా 4 మిల్లీమీటర్లకి పైన ఉండి, పగుళ్లు, ఉబ్బులు లేకపోతే రెండు చాలు. ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి వెళ్లే) కారైతే మాత్రం ముందూ వెనకా గాడి లోతులో ఎంత తేడా ఉండొచ్చో మాన్యువల్ చూడాలి, చాలాసార్లు నాలుగూ మార్చక తప్పదు. కొత్తవి రెండూ వెనక్కి వేయించి, వెనకున్నవి ముందుకి తెప్పించండి. ముందు చక్రాలతో నడిచే కారైనా ఇంతే. షాపువాళ్లు వాదిస్తారు, ముందువే కదా ఎక్కువ అరిగేది అంటారు. అరగడం వేరు, తడి రోడ్డు మీద పట్టు వదిలి నీళ్ల మీద తేలడం వేరు. మలుపులో ముందు టైర్లు పట్టు వదిలితే కారు నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే తిరిగి దారికొస్తుంది. వెనకవి వదిలితే కారు గిర్రున తిరుగుతుంది, దాన్ని ఆపడం మామూలు డ్రైవరు వల్ల కాదు. బిల్లు మీద మోడల్ పేరు, టైర్ల డీఓటీ అంకెలు రాయించుకోండి, వారంటీ అడగాల్సి వస్తే అవే అడుగుతారు.