హోమ్ కేర్ ఏజెన్సీకి ఊ కొట్టేముందు

ఈ ఫోన్ నాకు ఎక్కువగా శుక్రవారం సాయంత్రమే వస్తుంది. "అక్కా, అమ్మని రేపు డిశ్చార్జ్ చేస్తారట. ఇంటికొచ్చి చూసుకునే ఏజెన్సీల లిస్టు ఒకటి చేతిలో పెట్టి ఇప్పుడే ఏదో ఒకటి చెప్పమంటున్నారు" అని. లిస్టులో మొదటి పేరుకి టిక్కు పెట్టేసిన వాళ్లే ఎక్కువ. మేమూ అదే చేశాం. ఎంచుకునే హక్కు మాత్రం మీదే. ఆ ఏజెన్సీల్లో ఆసుపత్రికి వాటా ఉంటే ఆ సంగతి కూడా వాళ్లు మీకు చెప్పి తీరాలి.

ముందు మీకు కావాల్సింది ఏమిటో తేల్చుకోండి. అమెరికాలో హోమ్ హెల్త్ వేరు, హోమ్ కేర్ వేరు. డాక్టరు ఆర్డరు మీద నర్సో, ఫిజికల్ థెరపిస్టో వచ్చి, తమ పని చూసుకుని వెళ్లిపోయేది హోమ్ హెల్త్. స్నానం చేయించి, బట్టలు మార్చి, గంటల తరబడి పక్కన ఉండేది హోమ్ కేర్. మనిషి ఇల్లు కదలడం కష్టమై, నర్సు లేదా థెరపీ అవసరం ఉంటే మొదటిదానికి మెడికేర్ (ముఖ్యంగా 65 నిండినవాళ్లకి ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బు ఇస్తుంది. రెండోది ఒక్కటే కావాలంటే ఇవ్వదు. ఇక్కడ ఉద్యోగం చేయని తల్లిదండ్రులు గ్రీన్‌కార్డు మీద ఉంటే, 65 నిండి, ఐదేళ్లు వరసగా ఇక్కడ ఉన్నాకే మెడికేర్ కొనుక్కోగలరు. విజిటర్ వీసాకి ఆ దారి లేదు.

హోమ్ హెల్త్ అయితే మెడికేర్ వెబ్‌సైటులో కేర్ కంపేర్ అని ఉంటుంది, ఏజెన్సీ పేరు కొడితే స్టార్లు కనిపిస్తాయి. ఆ స్టార్లలో రెండు రకాలున్నాయి: చికిత్స నాణ్యతవి, రోగుల సర్వేవి. రోగి నడక మెరుగైందా, స్నానం తనే చేసుకోగలుగుతున్నాడా లాంటి నాణ్యత లెక్కలు ఏజెన్సీ వాళ్లే రోగిని పరీక్షించి రాసుకున్న వివరాల్లోంచి వస్తాయి. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు! అందుకే నేను రోగుల సర్వే స్టార్లు ముందు చూస్తాను, ఆ తర్వాత ఎంతమంది మళ్లీ ఆసుపత్రి పాలయ్యారన్నది చూస్తాను. ఆ లెక్క మెడికేర్‌కి వెళ్లిన బిల్లుల్లోంచి తీస్తారు కాబట్టి దాన్ని పూసి మెరిపించడం కష్టం.

హోమ్ కేర్ ఏజెన్సీలకు ఈ స్టార్లు లేవు. లైసెన్సు రూల్సు కూడా రాష్ట్రానికో రకం. కాలిఫోర్నియాలో 2016 నుంచి ఏజెన్సీల తరఫున వచ్చే ఎయిడ్‌లకు, అంటే ఇంటికొచ్చి సాయం చేసేవాళ్లకు, రిజిస్ట్రీ ఉంది, వచ్చే మనిషి పేరు అందులో వెతుక్కోవచ్చు. మీ రాష్ట్రంలో ఏముందో హెల్త్ డిపార్ట్‌మెంట్ సైటులో చూడండి. ఏజెన్సీ లేకుండా తెలిసినవాళ్ల ద్వారా ఎవరినైనా పెట్టుకుంటే చవకే, కానీ అప్పుడు యజమాని మీరే. జీతం ఒక పరిమితి దాటితే సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టడం, ఆ మనిషికి మీ ఇంట్లో దెబ్బ తగిలితే చూసుకోవడం మీ నెత్తినే పడతాయి.

ఫోన్ చేసినప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఉదయం ఎనిమిదికి రావాల్సిన మనిషి రాకపోతే, ఎనిమిదిన్నరకి నేను ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరు వస్తారు?" దీనికి నీళ్లు నమిలారంటే ఇక మిగతావి అడగక్కర్లేదు. వచ్చే మనిషి ఏజెన్సీ ఉద్యోగా, కాంట్రాక్టరా, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఏ స్థాయిలో చేశారు అన్నవి ఆ తర్వాత. మెడికేర్ గుర్తింపున్న ఏజెన్సీలో హోమ్ హెల్త్ ఎయిడ్‌కి కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి. నర్సు చికిత్స కూడా సాగుతుంటే రెండు వారాలకోసారి ఆ ఎయిడ్ పనిని సూపర్‌వైజర్ పర్యవేక్షించాలి. "మీ సూపర్‌వైజర్ ఎప్పుడొస్తారు?" అని అడిగితే జవాబు తేదీతో రావాలి.

ఇక కాగితాలు పక్కన పెట్టి, మొదటి రోజు ఇంట్లో కూర్చుని చూడండి. మా అత్తగారికి తుంటి ఆపరేషన్ అయ్యాక వచ్చిన నర్సు చేతులు కడుక్కుని, బీపీ చూడకముందే "ఇంట్లో ఉన్న మందులన్నీ బల్ల మీద పెట్టండి, ఇండియా నుంచి తెచ్చుకున్నవి కూడా" అంది. సంచి బోర్లిస్తే డోలో 650 స్ట్రిప్పులు పడ్డాయి. ఆసుపత్రి వాళ్లు రాసింది టైలెనాల్. రెండూ ఒకటే మందు, పారాసిటమాల్‌ని ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారంతే. అత్తగారు నొప్పికి అదీ, ఒళ్లు వెచ్చబడితే ఇదీ వేసుకుంటూ ఉన్నారు. మోతాదు మించితే లివర్‌కి ప్రమాదం. మందుల సంచి అడగని నర్సు వస్తే మీరే ముందుకు తోసి చూపించండి.

ఎయిడ్ విషయంలో అంత అదృష్టం లేకపోయింది. కుర్చీలోంచి లేపడానికి ఆ అమ్మాయి చంకల కింద చేతులు పెట్టి పైకి లాగింది. అలా లాగితే భుజం దెబ్బతినొచ్చు, ఇద్దరూ కలిసి పడిపోవచ్చు కూడా. నడుముకి గెయిట్ బెల్టని వెడల్పాటి పట్టీ కట్టి, అది పట్టుకుని లేపాలి. బెల్టు ఏదీ అంటే కారులో ఉందంది. ఆ రోజే ఏజెన్సీకి చెప్పాల్సింది, కొత్త కదా అని ఊరుకున్నాను. అది నా తప్పు.

మన పెద్దవాళ్లతో ఇంకో చిక్కుంది. "బాగా చూస్తున్నారా?" అంటే "ఆ, బాగానే చూస్తోందమ్మా, పాపం" అంటారు. మొహమాటం కొంత, మనకి టెన్షన్ పెట్టకూడదని కొంత. ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చినా అంతే, ఇంగ్లీషు తెలియక అన్నిటికీ యెస్ అనేస్తారు. మెడికేర్ డబ్బు తీసుకునే ఏజెన్సీ ఉచితంగా దుబాసీని ఇవ్వాలి, ఫోన్‌లో తెలుగు మాట్లాడేవాళ్లని పెట్టమని అడగండి. మీరే అనువాదం చేస్తూ పక్కన ఉంటే మీ ముందు వాళ్లు అసలు మాట చెప్పరు. ఫిర్యాదు చేయాల్సి వస్తే ప్రతి రాష్ట్రానికీ హోమ్ హెల్త్ హాట్‌లైన్ ఉంది, ఆ నంబరు ఏజెన్సీ ఇచ్చే హక్కుల కాగితంలోనే ఉంటుంది.

మీరు అడిగేటప్పుడు మాత్రం జవాబు "బాగానే"తో అయిపోని ప్రశ్నలు వేయండి. నేను ఒక రాత్రి అత్తగారిని "నిన్న స్నానం ఎన్నింటికి చేయించింది?" అని అడిగాను. ఆవిడ వేళ్ల మీద లెక్క మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయారు. నాలుగు రోజులైంది. ఏజెన్సీ రికార్డులో మాత్రం రోజూ టిక్కే. తెల్లారగానే ఫోన్ చేశాను, మనిషిని మార్చారు. కొత్తగా వచ్చినావిడ మీద అత్తగారికి వారంలోనే కంప్లయింట్: "స్నానం చేయిస్తున్నంత సేపూ వాగుతూనే ఉంటుందే." అంతకంటే మంచి కబురు నాకు ఆ నెలంతా అందలేదు.