దసరా సెలవుల్లో కెన్యా వెళ్తున్న పాప: ముందు ఏ టీకా, తర్వాత ఏ మాత్ర?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది చిత్తూరు. మా పాపకు పదహారేళ్లు, ప్లస్ వన్ చదువుతోంది. దసరా సెలవుల్లో స్కూలు తరఫున పన్నెండు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పది రోజులు కెన్యా వెళ్తున్నారు. కిసుము దగ్గర ఒక పల్లెలో బడికి రంగులు వేయడం, చిన్నపిల్లలకు పాఠాలు చెప్పడం వీళ్ల పని. ఇంకా ఐదు వారాలే ఉంది. పాపకు చలికాలంలో ఆయాసం వస్తుంది, ఇన్‌హేలర్ వాడుతుంది. మేం గుడ్డు కూడా తినం. ఎల్లో ఫీవర్ టీకా గుడ్డుతో చేస్తారట, వేయించవచ్చా? మలేరియాకు ఏం చేయాలి? నెలసరి డేట్ కూడా ఆ రోజుల్లోనే వస్తుంది, వాయిదా మాత్రలు ఇవ్వవచ్చా? అక్కడి పిల్లలకు పంచడానికి కొన్ని మందులు కూడా పంపుదామనుకుంటున్నాం. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. (ఒక తల్లి)

జవాబు: అమ్మా, నమస్కారం. ఐదు వారాలంటే సరిపోయే సమయమే. కాకపోతే మొదటి పని ఈ వారంలోనే మొదలుపెట్టాలి. అది ఎల్లో ఫీవర్ టీకా.

మన చిత్తూరు, అన్నమయ్య జిల్లాల నుంచి కువైట్ వెళ్లొచ్చేవాళ్లు ఇంటికొకరు ఉంటారు. వాళ్లెవరికీ ఈ టీకా అడగరు కాబట్టి, విదేశం అంటే వీసా, టికెట్ ఉంటే చాలనుకుంటాం. కెన్యా సంగతి వేరు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో కెన్యా ఉంది. అక్కడి నుంచి తిరిగొచ్చేటప్పుడు టీకా వేసుకున్న పసుపు రంగు కార్డు చూపించకపోతే, మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. అంత కఠినంగా ఎందుకంటే, ఎల్లో ఫీవర్ మన దేశంలో లేదు గానీ దాన్ని మోసే దోమ మాత్రం మన ఇళ్లలోనే ఉంది. డెంగీని మోసేది కూడా అదే దోమ. జబ్బు ఒక్కసారి లోపలికి వచ్చిందంటే ఆపడం కష్టం.

ఈ టీకా మామూలు క్లినిక్కుల్లో దొరకదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. మీకు దగ్గరి దారి చెన్నై, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. చిత్తూరు నుంచి సుమారు 150 కిలోమీటర్లు, పొద్దున బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరవచ్చు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. ఏ రోజుల్లో వేస్తారో, ముందుగా పేరు నమోదు చేసుకోవాలేమో కనుక్కున్నాకే బండెక్కండి. పాప ఒరిజినల్ పాస్‌పోర్టు తప్పనిసరిగా తీసుకెళ్లండి, కార్డు మీద ఆ నంబరు రాస్తారు. టీకా వేసిన పదో రోజు నుంచే ఆ కార్డు చెల్లుతుంది. అందుకే ఆలస్యం చేయవద్దంటున్నాను. ఒకసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుందని 2016 నుంచి నిబంధన మారింది. కాబట్టి కార్డును పాస్‌పోర్టుతో పాటు భద్రంగా దాచండి. ఫోన్‌లో ఫోటో ఉంచుకోండి గానీ, ఎయిర్‌పోర్టులో అసలు కార్డే అడుగుతారు.

గుడ్డు సంగతి దాచకుండా చెప్తాను. మీరు విన్నది నిజమే, ఈ టీకా వైరస్‌ను కోడిగుడ్డు పిండాల్లోనే పెంచుతారు. ఇంకో పద్ధతిలో చేసిన ఎల్లో ఫీవర్ టీకా మన దగ్గర లేదు. శాకాహారం పాటించే ఇళ్లలో ఇది మనసుకు ఇబ్బందే. పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడుకుని నిర్ణయించుకోండి. నా మాట అడిగితే, కిసుము ప్రాంతానికి వెళ్లే పిల్లకు ఈ టీకా వేయించే పంపాలి. ఎల్లో ఫీవర్ ముదిరితే కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి. దాన్ని నయం చేసే మందు లేదు.

వైద్యపరంగా చూడాల్సింది అలర్జీ. గుడ్డు తిని ఒళ్లంతా దద్దుర్లు రావడం, పెదాలు వాయడం, ఊపిరాడకపోవడం ఎప్పుడైనా జరిగిందా అని టీకా కేంద్రంలో అడుగుతారు. మీ పాప గుడ్డే తినలేదు కాబట్టి ఆ మాటే చెప్పండి. స్నేహితుల పుట్టినరోజున బేకరీ కేకు తిని ఉంటే, అప్పుడు ఏ ఇబ్బందీ రాలేదన్న సంగతి కూడా చెప్పండి. పాపను అడిగి తెలుసుకోండి, తిట్టవద్దు. టీకా తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టుకోండి. వారం పది రోజుల లోపల కొంచెం జ్వరం, ఒళ్లు నొప్పులు కొందరికి వస్తాయి, పారాసిటమాల్‌తో తగ్గిపోతాయి.

ఆయాసం ఉన్నా ఈ టీకా వేయించవచ్చు, ఇన్‌హేలర్ వల్ల సమస్య లేదు. అయితే ఆయాసం ఎక్కువైనప్పుడు మన ఊళ్లలో స్టెరాయిడ్ మాత్రలు రాసిస్తుంటారు, ఏం మాత్రలో చెప్పకుండా చిన్న కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. గత రెండు నెలల్లో పాప అలాంటివి వాడి ఉంటే టీకా వేసే డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఇది బతికున్న, బలహీనపరచిన వైరస్‌తో చేసే టీకా. స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో వాడుతున్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు వేయకూడదు.

మిగతా టీకాలు చిత్తూరులోనే వేయించవచ్చు. పాప చిన్నప్పటి టీకాల కార్డు బీరువాలోంచి తీసి పిల్లల డాక్టర్‌కు చూపించండి. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా, హెపటైటిస్ ఎ టీకా వేయించాలి. పదహారేళ్లకు వేయాల్సిన టీడీ, అంటే ధనుర్వాతం, డిఫ్తీరియా బూస్టర్ వేయకపోతే అదీ వేస్తారు. హెపటైటిస్ ఎ టీకాలో బతికున్న వైరస్‌ది, నిర్జీవమైనది అని రెండు రకాలున్నాయి. బతికున్న వైరస్ టీకాలు రెండు ఉంటే ఒకే రోజు వేయాలి, లేదా నాలుగు వారాల ఎడం ఉండాలి. అందుకని హెపటైటిస్ ఎలో నిర్జీవమైన రకం అడగండి, గిండీ తేదీతో చిక్కు ఉండదు. ఎంఎంఆర్, అంటే తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా, రెండు డోసులూ పడ్డాయో లేదో కూడా చూడమనండి, అదీ బతికున్న వైరస్ టీకానే.

ఇప్పుడు మలేరియా. కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డున ఉంది. నైరోబీ ఎత్తైన చోట చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ మలేరియా తక్కువ. సరస్సు చుట్టుపక్కల మాత్రం ఎక్కువ. అక్టోబరులో అక్కడ చిన్న వానలు కూడా మొదలవుతాయి. అక్కడ వచ్చేది ఎక్కువగా ఫాల్సిపేరమ్ రకం, మెదడు దాకా పాకే మలేరియా. మనకు తెలిసిన క్లోరోక్విన్ అక్కడ పనిచేయదు.

మీ పాప వయసుకు నేను సాధారణంగా రాసేది డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకు ఒకటి. ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్ని రోజులూ వేసుకుని, తిరిగొచ్చాక ఇంకా నాలుగు వారాలు కొనసాగించాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఇల్లు చేరాం, బాగానే ఉన్నాం కదా అని ఆపేస్తారు. దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి వెళ్లిన క్రిమి కాలేయంలో కొన్నాళ్లు దాక్కుని, తర్వాత రక్తంలోకి వస్తుంది. మాత్ర దాన్ని పట్టుకునేది అప్పుడే. దసరా సెలవుల చివర్లో తిరిగొస్తే దీపావళి వెళ్లిపోయిన తర్వాత కూడా పాప మాత్ర వేసుకుంటూనే ఉండాలి. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఈ మాత్రను అన్నం తిన్న తర్వాత పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, అరగంట పడుకోకూడదు. గుక్కెడు నీళ్లతో మింగి పడుకుంటే గొంతు కింద పుండు పడి రెండు రోజులు మెతుకు దిగదు. ఐరన్ మాత్రలు, గ్యాస్ మాత్రలు వాడుతుంటే రెండు మూడు గంటల తేడా ఉంచాలి. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది కాబట్టి టోపీ, పొడుగు చేతుల చొక్కాలు పెట్టండి. దోమలకూ అవే అడ్డం. మందు పూసిన దోమతెర, దోమలను దూరంగా ఉంచే డీట్ అనే మందు 30 శాతం ఉన్న క్రీమ్ కొనండి. మాత్ర వేసుకుంటున్నామని తెర మానేయకూడదు, తెర ఉందని మాత్ర మానేయకూడదు. మోతాదు, మిగతా మందులతో పొత్తు మీ డాక్టర్ చూసి రాయాలి. నా జవాబు చదివి నేరుగా మెడికల్ షాపులో కొనవద్దు.

డేట్ వాయిదా మాత్రల గురించి అడిగారు. కొండకు దర్శనానికి వెళ్లే ముందు ఈ మాత్రలు చీటీ లేకుండా కొనడం మన తిరుపతి, చిత్తూరుల్లో మామూలైపోయింది. నోరెథిస్టిరోన్ అనే ఈ మాత్ర రోజుకు మూడుసార్లు, డేట్‌కు మూడు రోజుల ముందు నుంచి వాడాలి. వికారం, తలనొప్పి, ఛాతీ బరువు రావచ్చు. ఇంట్లో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే, గంటల తరబడి కదలకుండా కూర్చునే విమాన ప్రయాణానికి ముందు ఇవి మంచివి కావు. పదహారేళ్ల పిల్లకు నేనైతే రాయను. డేట్ వస్తే రానివ్వండి. సరిపడా ప్యాడ్లు, నొప్పికి డాక్టర్ రాసిన మాత్ర, ముదురు రంగు బట్టలు పెట్టండి. తోడు వెళ్లే టీచర్లలో ఒక మేడమ్ ఉంటే ముందే చెప్పి ఉంచండి.

ఆయాసానికి రెండు ఇన్‌హేలర్లు పెట్టండి. ఒకటి చేతి బ్యాగులో, ఇంకొకటి టీచర్ దగ్గర. పెద్ద సూట్‌కేసులో వేయవద్దు, అది ఒక రోజు ఆలస్యంగా రావచ్చు. ఆ పల్లెల్లో వంట ఎక్కువగా కట్టెల పొయ్యి మీదే, పొగ పాపకు పడదు. గోడలకు రంగులు వేసే పని కూడా ఆలోచించాలి. పెయింట్ వాసనకు ఆయాసం లేస్తుందా అన్నది ఇంట్లో గుర్తుండే ఉంటుంది. లేస్తుందంటే ఆ పని వేరేవాళ్లకు ఇచ్చి, పాపను పాఠాలు చెప్పే పనిలో పెట్టమని టీచర్లకు చీటీ రాసివ్వండి.

తిండి గురించి పెద్దగా భయం వద్దు. అక్కడి ప్రధాన ఆహారం ఉగాలి. మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికి ముద్ద చేస్తారు. మన రాగి సంగటి తిన్న పిల్లకు చేతికి కొత్తగా ఉండదు. పక్కన సుకుమా వికీ అని ఆకుకూర వేపుడు, చపాతీలు, మొక్కజొన్న, చిక్కుడు గింజలు కలిపి ఉడికించిన గిథేరి ఉంటాయి. వేడివేడిగా వడ్డించినవి తినమనండి. కోసి పెట్టిన పండ్లు, ఐసు వద్దు. పళ్లు తోముకోవడానికి కూడా కాచిన నీళ్లు లేదా సీసా నీళ్లే వాడాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పది పెట్టండి. ఒక పెద్ద ప్యాకెట్‌కు లీటరు నీళ్లు, అందులో సగమూ పావూ కలపడాలు వద్దు. విరేచనాల్లో రక్తం, జ్వరం ఉంటే విరేచనాలు ఆపే మాత్ర వేసుకోకుండా వెంటనే టీచర్‌కు చెప్పాలి. ఇంకో మాట, ఊరగాయలు, పొడులు క్యారీబ్యాగుల్లో చుట్టి పెట్టకండి. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగుల మీద నిషేధం ఉంది. గుడ్డ సంచులు, స్టీలు డబ్బాలు వాడండి.

పిల్లలందరికీ గట్టిగా చెప్పాల్సినవి మూడున్నాయి. సరస్సులో దిగకూడదు, కాళ్లు కడగడానికైనా సరే. ఆ నీళ్లలోని నత్తల నుంచి వచ్చే క్రిమి చర్మం గుండా లోపలికి పోయి బిల్‌హార్జియా అనే జబ్బు తెస్తుంది. మన చెరువుల్లో ఈత కొట్టిన అలవాటుతో దిగేస్తారు. రెండోది, బోడా బోడా అనే బైకు టాక్సీలు ఎక్కకూడదు. ప్రయాణాల్లో ఈ వయసు పిల్లల ప్రాణాలు పోయేది ఎక్కువగా రోడ్ల మీదే. మూడోది కుక్కలు. కరిచినా, గీరినా పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో ధారగా కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. ఇండియా వెళ్లాక చూద్దాం అనుకోకూడదు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ఆసుపత్రి ఖర్చులతో పాటు అత్యవసరంగా వేరే ఊరికి తరలించే ఖర్చు కూడా ఉందో లేదో స్కూలు వాళ్లను అడగండి.

మందులు పంచే ఆలోచన మంచి మనసుతో చేసిందే అయినా, దయచేసి మానుకోండి. పిల్ల బరువు, జబ్బు, అలర్జీ తెలియకుండా యాంటీబయాటిక్ చేతిలో పెట్టడం మన ఊళ్లో తప్పయితే అక్కడా తప్పే. మన దగ్గరి మందుల స్ట్రిప్పు చూసి అక్కడి తల్లి ఏం అర్థం చేసుకుంటుంది? ఆ బడి హెడ్మాస్టరును ఏం కావాలో అడిగించి అది పంపండి. సబ్బులో, నోటు పుస్తకాలో కావచ్చు. పాప సొంత మందులు మాత్రం స్ట్రిప్పుల్లోనే, డాక్టర్ చీటీతో పెట్టండి. బయలుదేరే రోజున పాపకు జ్వరం, దగ్గు, ఒంటి మీద పొక్కులు ఉంటే ప్రయాణం ఆపాలి. టికెట్ డబ్బులు పోయినా ఫర్వాలేదు. ఒక గదిలో కూర్చున్న అరవై మంది చిన్నపిల్లలకు మన పిల్ల జబ్బు అంటించి రాకూడదు.

చివరిగా, తిరిగొచ్చాక సంగతి. కొన్నేళ్ల కిందట బోరు రిగ్గు పనికి ఆఫ్రికా వెళ్లొచ్చిన ఒక కుర్రాణ్ని మా దగ్గరికి తీసుకొచ్చారు. ఐదు రోజులుగా చలిజ్వరం. వాళ్లమ్మ చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్ష రిపోర్టులు రెండు. టైఫాయిడ్ అని సెలైన్లు ఎక్కించారట. కుర్రాడి కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో ఉంది, అడిగినదానికి సగమే జవాబు చెప్తున్నాడు. పోయిన నెల ఎక్కడున్నావని అడిగితే వాళ్లమ్మ చెప్పింది, ఆఫ్రికాలో అని. అంతకుముందు ఆ మాట ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. గంటలో రక్తపు చుక్క మైక్రోస్కోప్ కింద చూస్తే ఫాల్సిపేరమ్. ఆరు రోజులు ఐసీయూలో ఉండి బయటపడ్డాడు. ఇంకొక రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో ఆ తల్లికి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

కాబట్టి తిరిగొచ్చిన మూడు నెలల లోపల పాపకు ఎప్పుడు జ్వరం వచ్చినా, మాత్రలన్నీ సరిగ్గా వేసుకున్నా సరే, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిరుపతి రుయాకైనా, స్విమ్స్‌కైనా, మీ ఊరి డాక్టర్ దగ్గరికైనా వెళ్లి కూర్చోగానే మొదటి మాటగా “కెన్యా వెళ్లొచ్చింది, మలేరియా పరీక్ష చేయండి” అనండి. మొదటి పరీక్షలో లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించాలి. సరస్సు నీళ్లలో దిగిందని తెలిస్తే ఆ సంగతీ చెప్పండి, దానికి పరీక్ష కొన్ని వారాల తర్వాత చేస్తారు.

ఈ జవాబు మిగతా పదకొండు మంది తల్లిదండ్రులకూ, ఇద్దరు టీచర్లకూ పంపండి. గిండీకి అందరూ ఒకే బండిలో వెళ్లే ఏర్పాటు స్కూలు వాళ్లు చేస్తే మరీ మంచిది.