టమాటకు ఆకు రసం కొడితే ఆకుమాడు తెగులు ఆగుతుందా?

ప్రశ్న: బెంగళూరు దగ్గర హోస్కోటలో అరెకరం టమాట వేశాను. నాటి 40 రోజులైంది. కింది ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు, వాటిలో చక్రాల్లా వలయాలు కనిపిస్తున్నాయి. గట్ల మీద లంటానా, ఉమ్మెత్త విపరీతంగా ఉన్నాయి. ఈ ఆకుల కషాయం కొట్టి, మందు మానేయొచ్చా?
– ఒక రైతు, హోస్కోట

జవాబు: ఆ గుర్తులు ఆకుమాడు తెగులువే. ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. ఇప్పుడే మందు మానేయకండి.

ఆకు రసం శిలీంధ్రాన్ని ఆపుతుందని మీరు విన్నది అబద్ధం కాదు. ల్యాబులో ఆకు రసాన్ని శిలీంధ్రం పెరిగే మేతలో కలిపి, గాజు పళ్లెంలో పోసి చూస్తాం. లంటానా, ఉమ్మెత్త, వావిలి, వేప రసాలు కలిపితే దాని పెరుగుదల తగ్గుతుంది. అయితే పళ్లెంలో శిలీంధ్రానికి నాలుగు వైపులా రసమే. మీ చేలో అది ఆకు లోపలికి దిగిపోయింది. రసం పైనే ఉండి ఎండకు చెడుతుంది, వానకు కొట్టుకుపోతుంది. కాబట్టి మచ్చ రాని ఆకును కాపాడొచ్చు గానీ, పడ్డ మచ్చను మాన్పలేదు. ఆ మాటకొస్తే మాంకోజెబ్ అనే శిలీంధ్రపు మందు కూడా మాన్పలేదు.

ఉమ్మెత్త మాత్రం అసలు వద్దు. టమాట పచ్చిగా తినే పంట, ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపోలమిన్ అనే విషాలు ఉంటాయి. రసం చేసేవాళ్ల కంట్లో పడినా కనుపాప విచ్చుకుని చూపు మసకబారుతుంది. లంటానా పిప్పి పశువులు తింటే కాలేయం దెబ్బతింటుంది. ఈ రెండింటికన్నా వావిలి నయం. మీ వైపు లక్కి గిడ అంటారు, బాలింతల స్నానానికి వాడేదే. 1 కిలో పచ్చి ఆకు 1 లీటరు నీళ్లతో రుబ్బి, పలుచని గుడ్డలో వడగట్టి, మొత్తం 10 లీటర్లు చేయండి. కాచకండి. వావిలి ఆకు ఘాటు దానిలోని నూనెల వల్ల వచ్చేది, మరిగిస్తే ఆవిరైపోతుంది. ఏ రోజు రసం ఆ రోజే, సాయంత్రం పూట, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టండి. వారానికోసారి చాలు.

ముందు మచ్చలున్న కింది ఆకులు తుంచి కాల్చేయండి. మొక్కలకు కర్రలు కట్టండి, మొదళ్లలో ఎండుగడ్డి పరవండి. మట్టి చిందితే దానితో పాటే శిలీంధ్రం ఆకెక్కుతుంది. చేనంతా లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్ కొట్టి, రెండు సాళ్లు మాత్రం వావిలి రసానికి, పక్క రెండు ఉత్త నీళ్లకు వదలండి. వచ్చే పంటకు హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ అనే టమాట రకం చూడండి, ఈ తెగులును తట్టుకుంటుంది.

15 రోజులయ్యాక ఒక్కో సాలులో పది మొక్కలు చూసి, ఎన్ని ఆకులకు మచ్చలున్నాయో లెక్కపెట్టి నాకు రాయండి. రసం సాళ్లకూ నీళ్ల సాళ్లకూ తేడా లేకపోతే, అదీ దాచకుండా రాయండి.