శ్రుతి తప్పిన సింథ్‌లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా రోలాండ్ జూనో-106 సింథ్ (సింథసైజర్, ఎలక్ట్రానిక్ కీబోర్డు వాద్యం) మీద వరసగా మీటలు నొక్కుతూ పోతే ఆరింట ఒకటి పలకదు. ఒక్కోసారి గరగరలాడుతుంది. చిప్పులు పోయాయి, ఆరూ మార్చాలంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆరూ అక్కర్లేదు. 1984 నాటి ఈ సింథ్‌లో ఆరు వాయిస్‌లున్నాయి, అంటే ఒక్కో స్వరాన్ని పలికించే ఆరు సర్క్యూట్లు. మీటలు నొక్కేకొద్దీ అవి వంతులవారీగా పలుకుతాయి. తప్పు ఆరింట ఒకసారే వస్తోందంటే ఒక్క వాయిస్సే చెడిందన్నమాట.

అది ఎన్నోదో సింథే చెబుతుంది. పవర్ ఆపి, కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కిపట్టుకుని మళ్లీ ఆన్ చేయండి. టెస్ట్ మోడ్ మొదలవుతుంది. ఇక మీట నొక్కినప్పుడల్లా పలికే వాయిస్ నంబరు డిస్‌ప్లేలో కనిపిస్తుంది. నాలుగైదు చుట్లు తిరిగినా అదే నంబరు దగ్గర గరగర వస్తే దాన్ని రాసిపెట్టుకోండి.

ఇక్కడే చాలామంది తొందరపడి 80017ఎ అనే చిప్పు కొనేస్తారు. లోపల అనుమానించాల్సిన చిప్పులు రెండు రకాలు. ఫిల్టర్ (శబ్దపు రంగు మార్చేది), వీసీఏ (శబ్దాన్ని పెంచి తగ్గించేది) ఉండే 80017ఎలు ఆరు, వాయిస్‌కొకటి. వేవ్‌ఫామ్ (మూల శబ్ద తరంగం) తయారుచేసే ఎంసీ5534ఎలు మూడే, ఒక్కొక్కటి రెండు వాయిస్‌లకు. మామూలు మోడ్‌కి వచ్చి సా, పల్స్ బటన్లు ఆపేసి, సబ్, నాయిస్ స్లైడర్లు కిందికి దించి, రెసొనెన్స్ పూర్తిగా పైకి, ఫిల్టర్ ఫ్రీక్వెన్సీ సగానికి పెట్టండి. ఇప్పుడు ఫిల్టర్ తనంతట తానే ఈల వేయాలి. చెడ్డ వాయిస్ కూడా శుభ్రంగా ఈల వేస్తే 80017ఎ నిర్దోషి. ఎంసీ5534ఎ వైపు చూడండి. ఈల లేకపోయినా, అందులోనూ గరగర ఉన్నా, మీట వదిలాక శబ్దం ఆగకపోయినా 80017ఎనే అనుమానించాలి.

ఏ చిప్పు మీద చేయి వేసేముందైనా పవర్ సప్లై కొలవండి. +15, -15, +5 వోల్టులు సరిగ్గా ఉండాలి. అవి తేడాగా ఉంటే కొత్త చిప్పు కూడా చెడ్డదానిలాగే ప్రవర్తిస్తుంది.

80017ఎ చెడడానికి మూలం దాని మీది నల్ల పూత. ఏళ్లు గడిచేసరికి ఆ పూతలోంచే కరెంటు లీకవుతుంది. చిప్పును ఊడదీసి, మూతున్న గాజుసీసాలో అసిటోన్ పోసి ఒకటి నుంచి మూడు రోజులు నాననివ్వండి. పూత మెత్తబడ్డాక చెక్కపుల్లతో నెమ్మదిగా తీయాలి. లోహపు పనిముట్టు వాడితే చిన్న కాంపొనెంట్లు పూతతోపాటే ఊడొస్తాయి. అసిటోన్ చటుక్కున అంటుకుంటుంది, నిప్పుకు దూరంగా, గాలి ఆడేచోట పని చేయండి. ఈ వైద్యంతో చాలా చిప్పులు బతుకుతాయి, అన్నీ కాదు. బతకనివాటికి కొత్తగా తయారైన ప్రతిరూపాలు దొరుకుతాయి. ఊడదీసినచోట సాకెట్ వేసుకుంటే రెండోసారి బోర్డు కాల్చే పని ఉండదు. చివరగా ఆ వాయిస్ ఫిల్టర్, వీసీఏ ట్రిమ్మర్లను (బోర్డు మీది చిన్న సర్దుబాటు మరలను) సర్వీస్ మాన్యువల్ ప్రకారం సరిచేయకపోతే అది మిగతా అయిదింటితో కలవదు.

ప్రశ్న: కోర్గ్ పాలీసిక్స్ ప్యాచ్‌లు (దాచుకున్న శబ్దాల అమరికలు) మరిచిపోతోంది, వాటంతటవే మారిపోతున్నాయి. బ్యాటరీ మారిస్తే చాలా?

జవాబు: చాలకపోవచ్చు. 1981 నాటి ఈ సింథ్‌లో కేఎల్‌ఎం-367 బోర్డు మీద 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. అది కారితే చుట్టుపక్కల రాగి గీతలన్నీ తినేస్తుంది. మూత తీసి చూడండి. బ్యాటరీ పక్కన పచ్చటి చిలుము, తెల్లటి పొడి కనిపిస్తే జబ్బు అదే.

ప్లగ్ తీసేసి ముందు బ్యాటరీని కత్తిరించేయండి. కారింది క్షారం కాబట్టి నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్‌తో, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దండి. తర్వాత నీళ్లతో, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఒక రోజంతా ఆరనివ్వండి. నల్లబడ్డ గీతల మీది పచ్చపూతను మెరిసే రాగి కనిపించేదాకా గీకి, ఒక్కో గీతనూ ఈ చివర నుంచి ఆ చివరకు మల్టీమీటర్‌తో పరీక్షించండి. కంటికి బాగున్న గీత లోపల తెగి ఉండొచ్చు. తెగినచోట సన్నటి తీగతో కలపండి. చిప్పుల సాకెట్ల కింద కూడా చూడటం మరవొద్దు.

కొత్త బ్యాటరీ బోర్డు మీద వద్దు, తీగలతో దూరంగా పెట్టండి. సీఆర్2032 వాడదలిస్తే, పాత బ్యాటరీని చార్జ్ చేసిన సర్క్యూట్ దీన్ని చార్జ్ చేయకుండా మధ్యలో షాట్‌కీ డయోడ్ తప్పనిసరి. చార్జ్ చేయకూడని లిథియం సెల్‌ను చార్జ్ చేస్తే పేలిపోవచ్చు. మామూలు సిలికాన్ డయోడ్ 0.6 వోల్టుల దాకా తినేస్తుంది. షాట్‌కీ అయితే 0.2-0.3తో సరిపెడుతుంది.

ప్రశ్న: రోలాండ్ ఎస్‌హెచ్-101 సీక్వెన్సర్‌తో (స్వరాల వరసను గుర్తుంచుకుని వాయించే భాగంతో) పాత కోర్గ్ ఎంఎస్-20ని నడపాలని చూస్తే పాట అంతా తప్పు స్వరాలే. పైగా మీట వదిలినప్పుడు శబ్దం వస్తోంది!

జవాబు: రెండూ వేర్వేరు భాషలు మాట్లాడుతున్నాయి. ఎస్‌హెచ్-101 స్వరాన్ని చెప్పే వోల్టేజీ ఆక్టేవ్‌కు (స నుంచి పై స దాకా) ఒక వోల్టు లెక్కన 1, 2, 3, 4 అని ఎక్కుతుంది. ఎంఎస్-20కి ఆక్టేవ్‌కు వోల్టేజీ రెట్టింపవ్వాలి: 1, 2, 4, 8. ఒకచోట స్వరం కలిసినా ఆ పైన, ఆ కింద కలవదు. ఏ ట్రిమ్మర్ తిప్పినా ఇది కుదరదు, తిప్పి ఉన్న శ్రుతిని కూడా పోగొట్టుకోవద్దు. మిడి (సింథ్‌లు, కంప్యూటర్లు స్వరాలు పంపుకునే డిజిటల్ పద్ధతి) నుంచి నడిపేట్టయితే, ఎంఎస్-20 పద్ధతి అయిన హెర్ట్జ్-పర్-వోల్ట్ ఇచ్చే కన్వర్టర్ కొనుక్కోండి. కెంటన్ ప్రో సోలో అలాంటిదే.

మీట వదిలినప్పుడు శబ్దం రావడానికి కారణం ట్రిగ్గర్, అంటే స్వరం మొదలుపెట్టమనే సంకేతం. రోలాండ్ గేట్ (మీట నొక్కి ఉందని చెప్పే వోల్టేజీ) మీట నొక్కగానే పైకి లేస్తుంది. ఎంఎస్-20కి ట్రిగ్గర్ లైను గ్రౌండుకు తగలాలి, అది మీట వదిలినప్పుడే జరుగుతోంది. ఇది మాత్రం ఒక్క బీసీ547 ట్రాన్సిస్టర్‌తో తీరుతుంది: గేట్ నుంచి 22 కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా బేస్‌కు, ఎమిటర్ గ్రౌండుకు, కలెక్టర్ ట్రిగ్గర్ ఇన్‌కు. రెండు యంత్రాల గ్రౌండూ కలిసి ఉండాలి.

ప్రశ్న: పాత మోనో సింథ్ (ఒకసారికి ఒకే స్వరం పలికేది) మంద్రంలో శ్రుతిలోనే ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. ఎలా సరిచేయాలి?

జవాబు: అరగంట వేడెక్కనివ్వండి, మూత వీలైనంత మూసి ఉంచండి. పిచ్‌ను నడిపే ట్రాన్సిస్టర్ జత వేడిని బట్టి దాదాపు డిగ్రీకి 0.33 శాతం జరుగుతుంది. మూత తెరిచి చేసిన శ్రుతి మూత మూయగానే చెడుతుంది.

110 హెర్ట్జ్ స్వరం నొక్కి ట్యూన్‌తో కలపండి. రెండు ఆక్టేవులు పైన 440 రావాలి. 435 వచ్చిందనుకోండి, అంటే దాదాపు 20 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) తక్కువ. ఇప్పుడు స్కేల్ ట్రిమ్మర్‌ను కొద్దిగా తిప్పండి. కింది స్వరం కూడా కదిలిపోతుంది కాబట్టి మళ్లీ 110కి వచ్చి ట్యూన్‌తో సర్దండి, మళ్లీ పైకి. నాలుగైదుసార్లు కిందా మీదా తిరిగితే రెండూ కుదురుతాయి. సహనం ఉంటే చాలు, గొప్ప పరికరాలేం వద్దు. అన్నీ కుదిరి పై ఆక్టేవ్ ఒక్కటే దిగువగా ఉంటే స్కేల్ జోలికి పోకండి. ఆసిలేటర్ (స్వరం పుట్టించే సర్క్యూట్) ప్రతి చుట్టులోనూ కెపాసిటర్ ఖాళీ చేయడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఆ సమయం పై స్వరాల్లో లెక్కలోకొచ్చి పిచ్ తగ్గిస్తుంది. హై ఫ్రీక్వెన్సీ ట్రిమ్మర్ ఉంటే అది అందుకే.

ప్రశ్న: 100 వోల్టుల జపాన్ సింథ్‌ను 120 వోల్టుల మీద వాడొచ్చా?

జవాబు: పనిచేస్తుంది, కానీ వద్దు. ఉదాహరణకు 15 వోల్టుల రెగ్యులేటర్‌కు (వోల్టేజీని స్థిరంగా ఉంచే భాగానికి) లోపలికి 18 వస్తుందనుకోండి. 20 శాతం పెరిగితే 21.6 అవుతుంది. రెగ్యులేటర్ దిగమింగాల్సింది 3 నుంచి 6.6 వోల్టులకు పెరుగుతుంది, అంటే వేడి రెట్టింపు దాటుతుంది. 230 మీద పెడితే చెప్పనవసరమే లేదు. 100 వోల్టులిచ్చే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. వెనక పలక మీద 30 వాట్లని ఉంటే 100 వీఏ ది హాయిగా సరిపోతుంది.

ప్రశ్న: పాత సింథ్ కొన్నాక కెపాసిటర్లన్నీ మార్చేయడం మంచిదా?

జవాబు: మా మాట అయితే, వద్దు. వందసార్లు సోల్డర్ చేస్తే బాగున్న బోర్డు మీద కొత్త జబ్బులు తెచ్చుకున్నట్టే. ముందు హమ్ (గుయ్యిమనే శబ్దం) వినండి. 50 హెర్ట్జ్ కరెంటున్న చోట హమ్ 100 హెర్ట్జ్‌లో ఉంటే పవర్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయినట్టు. 50లోనే ఉంటే ముందు కేబుళ్లు, గ్రౌండ్ లూప్ (యంత్రాల గ్రౌండ్‌లు ఒకటికి మించిన దారుల్లో కలవడం) చూడండి. మార్చాల్సివస్తే మైక్రోఫారడ్ విలువ అంతే, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల రకం, ప్లస్ మైనస్ తారుమారు కాకుండా. ఒక్కదానికి మాత్రం మినహాయింపు: మెయిన్స్ లైను దగ్గర పారదర్శకమైన పసుపుపచ్చ పేపర్ కెపాసిటర్ ఉండి, దాని ఒంటి మీద పగుళ్లు కనిపిస్తే కొలవకుండానే తీసేయండి. అది ఏదో ఒక రోజు పొగ కక్కుతుంది.