అమ్మ పెళ్లిలో బాబు ఎక్కడుండాలి?

ప్రశ్న: మాది కావలి. నాకు 34 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం మావారు ప్రమాదంలో పోయారు. బాబు నాలుగో తరగతి చదువుతున్నాడు. ఒంగోలులో ఉద్యోగం చేసే ఒకాయనతో నాకు మళ్లీ పెళ్లి కుదిరింది. వచ్చే నెల జొన్నవాడ కామాక్షమ్మ గుడి దగ్గర చేసుకుందామనుకుంటున్నాం. ‘తల్లి పెళ్లి బిడ్డ చూడకూడదు, ఆ రెండు రోజులూ వాణ్ణి కందుకూరులో పిన్ని దగ్గర ఉంచు’ అంటోంది మా అమ్మ. ఆయనేమో బాబును పక్కనే కూర్చోబెట్టుకుని, అందరి ముందూ ‘నాన్నా’ అని పిలిపించుకోవాలని ఆశపడుతున్నారు. బాబు మాత్రం ఏమీ అనడు. మొన్న చూస్తే వాళ్ల నాన్న ఫోటో లెక్కల నోటుబుక్కు అట్టలో దాచుకున్నాడు. ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ ఫోటో సంగతి. దాన్ని అక్కణ్ణించి తీయకండి, ఎందుకు దాచావని అడగనూ వద్దు. బాబు ఏమీ అనడం లేదంటున్నారు గానీ, అన్నది అదే. ‘నాన్న ఫోటో ఒంగోలు ఇంటికి కూడా వస్తుంది, ఎక్కడ పెట్టాలో నువ్వే చెప్పు’ అని మీరే ముందుగా అనండి. ఆ మాట ఆయన కూడా అంటే వాడి గుండె బరువు సగం దిగుతుంది.

వీరేశలింగం గారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఇన్నేళ్లయినా, ఇలాంటి పెళ్లికి మనసారా ఒప్పుకున్న ఇళ్లలో కూడా అది బిడ్డ కంటపడకూడదనే జంకు పోలేదు. మీ అమ్మగారిని తప్పుపట్టను. కానీ బాబును కందుకూరు పంపిస్తే, ఆ పెళ్లిని వాడు తర్వాత ఎవరి ఫోన్లోనో చూస్తాడు. అందరూ ఉన్నారు, నేనే లేను అనుకుంటాడు. పంపొద్దు.

ఆయన ఆశ మంచిదే. అయితే ‘నాన్నా’ అనే పిలుపు పెళ్లి పందిట్లో అడిగి తీసుకునేది కాదు. ఫోటోగ్రాఫరు ఒక పక్క, ‘పిలువురా, పిలువు’ అంటూ చుట్టాలు ఒక పక్క ఉంటే పిల్లాడు బిగుసుకుపోతాడు. అంకుల్ అన్నా, బాబాయ్ అన్నా ప్రస్తుతానికి అదే చాలు.

వాడికి ఏదైనా పని అప్పజెప్పండి. వచ్చినవాళ్లకు అక్షింతలు పంచడం, ఉంగరాల బిందెలో ఉంగరం వేయడం, తలంబ్రాల పళ్లెం అందించడం లాంటివి. ఏది ఇష్టమో వాణ్ణే ఎంచుకోనివ్వండి. పంతులుగారికి ముందే చెబితే వాడి వంతు వచ్చినప్పుడు పిలుస్తారు. మంగళసూత్రం పళ్లెం మాత్రం వాడి చేతికివ్వకండి. దాన్ని పెద్దల చేత ముట్టించి తెస్తారు కదా, అది తెచ్చే పిల్లాడి ముఖంలోకే అందరూ చూస్తారు. తొమ్మిదేళ్లవాడికి అంత బరువు వద్దు. మధ్యలో వద్దనిపిస్తే పక్కకు వెళ్లిపోవచ్చని కూడా చెప్పండి. మేనమామ ఉంటే ఆ పూటంతా వాడి వెంటే ఉండమనండి, వేరే పని పెట్టకండి.

పెళ్లి కబురు బాబు వాళ్ల నానమ్మ, తాతయ్యలకు మీరే వెళ్లి చెప్పండి, బాబును వెంటబెట్టుకుని. ఈ పెళ్లి వల్ల తండ్రి ఆస్తిలో బాబు వాటా ఎక్కడికీ పోదు, ఇంటిపేరు మార్చాల్సిన పనీ లేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం కూడా సహజ సంరక్షకురాలు మీరే, మారుతండ్రికి ఆ స్థానం రాదు. పెద్దవాళ్ల అనుమానాలు చాలావరకు ఇక్కడే ఉంటాయి.

పెళ్లయిన రాత్రి తను ఎవరి దగ్గర పడుకోవాలి, బడి ఎప్పుడు మారాలి అన్నవి పీటల మీద కూర్చోవడం కంటే వాడికి పెద్ద ప్రశ్నలు. అవి ముహూర్తానికి ముందే తేల్చి చెప్పండి. నన్నడిగితే వార్షిక పరీక్షలయ్యేదాకా మీరిద్దరూ కావలిలోనే ఉండండి. ఒంగోలు ఎంత దూరమని, ఆయనే శని, ఆదివారాలు వచ్చి వెళ్తారు.