మీరడిగారు: ఏనుగు తల పువ్వుకి తుమ్మెదే ఎందుకు కావాలి?

ప్రశ్న: మా అబ్బాయి వాళ్ళు అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఉంటారు. పోయిన జూలైలో క్రెస్టెడ్ బ్యూట్ అని ఒక కొండ ఊరికి తీసుకెళ్ళారు, ఎటు చూసినా పూలే. ఏడాదిలో సగం పైన మంచు కింద ఉండే చోట అన్ని తుమ్మెదలు ఎక్కడ్నుంచి వస్తాయండీ? ఒక రకం పోతే ఇంకో రకం వాలుతుంది కదా, పువ్వుకేంటి నష్టం?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఎక్కడ్నుంచీ రావమ్మా, అక్కడే మట్టిలో ఉంటాయి. మీరు చూసింది మన ఇంటి దూలాలకీ వెదురు బొంగులకీ బెజ్జాలు పెట్టే నల్ల తుమ్మెద కాదు, బొచ్చు బొచ్చుగా పసుపు నలుపు పట్టీలతో ఉండే బంబుల్ బీ, మన దేశంలో ఐతే హిమాలయాల వైపు కనిపిస్తుంది. చలికాలానికి దాని గూడంతా చచ్చిపోయి, జతకట్టిన కొత్త రాణులు మాత్రం ఒంటరిగా నేలలో పడుకుంటాయి. మంచు కరగ్గానే లేచి, కండరాలు వణికించి ఒళ్ళు వేడెక్కించుకుని, తేనెటీగలు గడప దాటని చలిలో కూడా డ్యూటీ ఎక్కేస్తాయి. లేచిన ఆ రోజుల్లో పువ్వు దొరక్కపోతే ఇంక ఆ ఏడాది ఆ గూడు లేనట్టే.

మీరు వెళ్ళిన ఊరి పక్కనే గోథిక్ అని ఒకప్పటి వెండి గనుల ఊరుంది. గనులు పోయి జనం వెళ్ళిపోయాక 1928లో అక్కడ రాకీ మౌంటెన్ బయలాజికల్ లాబొరేటరీ పెట్టారు. డేవిడ్ ఇనోయె అనే సైంటిస్టు 1973లో అక్కడ రెండు మీటర్ల గళ్ళు గీసుకుని పూలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, దశాబ్దాల పాటు వేసవి వేసవికీ అదే పని చేశారు (ఓపికంటే అదీ). మంచు త్వరగా కరిగితే పూలకి మంచిదే కదా అని నేనూ అనుకునేవాణ్ణి, కానీ మొగ్గలు ముందే వచ్చేసి, జూన్‌లో ఏదో ఒక రాత్రి గడ్డకట్టే చలి పడితే మాడిపోతాయట, పైన మంచు దుప్పటి ఉన్నప్పుడు ఆ బాధ లేదు. ఇంకోటి, మెక్సికోలో చలికాలం గడిపొచ్చే హమ్మింగ్ బర్డ్ అని పూలలో తేనె తాగే బుల్లి పిట్ట ఉంది, అది ముందొచ్చి గ్లేసియర్ లిల్లీ పూసేదాకా ఎదురుచూసేది. ఇప్పుడా పసుపు పువ్వు 1970లతో పోలిస్తే రెండు వారాల పైనే ముందు పూస్తోంది, పిట్టేమో అంత ముందుకి జరగలేదు, కొన్నేళ్ళైతే పిట్ట దిగేసరికే పువ్వు విచ్చేసి ఉంటోంది. మెక్సికోలో ఉన్నదానికి కొలరాడోలో మంచు కరిగిందని ఎవరు ఫోన్ చేస్తారు!

ఇక ఒకటి పోతే ఇంకోటి వాలుతుందన్నారు కదా, నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. అక్కడ తడి నేలల్లో గులాబీ రంగులో ఏనుగు తల పువ్వని ఉంటుంది, చెవులూ తొండంతో అచ్చం బుల్లి వినాయకుడు. దాన్లో తేనె ఉండదు, పుప్పొడే, అదీ తుమ్మెద పట్టుకుని జుయ్యిమని అదిరిస్తేనే రాలుతుంది. సీతాకోకచిలుక వంద సార్లు వాలినా ఏం లాభం?

సరే, అన్ని పూలూ అంత పట్టుబట్టవు, చాలావాటికి తుమ్మెద రకాలు నాలుగైదుంటాయి. మరి వాటిలో ఒక రకాన్ని తీసేస్తే? బ్రోసీ, బ్రిగ్స్ అనే ఇద్దరు సైంటిస్టులు సరిగ్గా అదే చేసి చూశారు, ఆ కొండల్లోనే. 20 మీటర్ల మడుల్లో ఎక్కువగా తిరిగే ఒక రకం తుమ్మెదని వలతో పట్టేసి దూరం పెట్టారు. మిగతా రకాలు మామూలుగానే తిరిగాయి, ఐనా లార్క్‌స్పర్ అనే నీలి పువ్వుకి గింజలు మూడో వంతు తగ్గిపోయాయి (2013లో పేపర్ వచ్చింది). ఎందుకంటే పోటీ ఉన్నప్పుడు ఒక్కో రకం తన పువ్వుని పట్టుకుని ఉంటుంది, ఈ లార్క్‌స్పర్ నుంచి ఆ లార్క్‌స్పర్‌కే వెళ్తుంది. పోటీ తగ్గేసరికి కనిపించిన ప్రతి పువ్వు మీదా వాలి, కాళ్ళకి కలగాపులగం పుప్పొడి అంటించుకుని వచ్చింది, అది లార్క్‌స్పర్‌కి ఎందుకు పనికొస్తుంది చెప్పండి. అంటే వాలడం ఆగలేదు, గింజ పట్టడం తగ్గింది. దారిలో నడుస్తూ చూసేవాళ్ళకి ఇది కనిపించదు.

ప్రశ్న: డాబా మీద కుండీల్లో వంగ మొక్కలు పెట్టాను. పూత బాగుంది, తేనెటీగలూ వస్తున్నాయి, కానీ పిందె పట్టట్లేదు. – ఖమ్మం

జవాబు: పైన చెప్పిన ఏనుగు తల పువ్వు కథే. వంగపువ్వులో పుప్పొడి పసుపు గొట్టాల్లో ఉండి చివరి చిన్న బెజ్జంలోంచి రాలాలి, దాన్ని అదిరించడం తేనెటీగకి రాదు, నల్ల తుమ్మెదకొచ్చు. గాలికి ఊగినా కొంత రాలుతుంది, డాబా మీద పిట్టగోడ అడ్డమేమో చూడండి. పొద్దున పూట కాడ మీద వేలితో నాలుగుసార్లు తట్టండి, పాత బ్యాటరీ టూత్ బ్రష్ ఉంటే పువ్వు వెనక ఆనించండి. ఒక్కటి మాత్రం గమనించండి, పసుపు గొట్టాల మధ్యలోంచి ఆకుపచ్చ మొన బయటికి పొడుచుకొచ్చిన పూలే కాస్తాయి, అది లోపలే పొట్టిగా ఉండిపోయిన పూలు మీరేం చేసినా రాలిపోతాయి, వాటి గురించి బెంగ పెట్టుకోకండి.